కొత్తగా వయొలిన్ నేర్చుకునేవారు తీగలు, కమాను తక్కువ ఖర్చులో ఎలా ఎంచుకోవాలి?

వయొలిన్ కొన్న రెండు మూడు నెలలకే చాలామందికి ఒక అనుమానం మొదలవుతుంది: "వాయిద్యమే బాగోలేదేమో, మార్చేద్దామా?" శబ్దం గీరినట్టు వస్తుంది. శ్రుతి నిలవదు. కమాను తీగ మీద పట్టు లేకుండా జారిపోతుంది. సరళీ స్వరాలు ఎంత సాధన చేసినా వినసొంపుగా రావు.

కొత్త వయొలిన్ గురించి ఆలోచించే ముందు తీగలు, కమాను మార్చి చూడండి. పెట్టె, కమాను, రోజిన్ (కమాను వెంట్రుకలకు రుద్దే బిళ్ల) కలిపి సెట్టుగా అమ్మే వయొలిన్లలో చెక్కపని ఫర్వాలేదనిపించినా, ఈ రెండూ మాత్రం బాగా చౌకరకం వేస్తారు. కమాను, తీగ కలిసేచోటే శబ్దం పుడుతుంది కాబట్టి నాసిరకం అక్కడ వెంటనే బయటపడుతుంది. వాయిద్యం మార్చడానికి అయ్యే ఖర్చులో చిన్న భాగంతోనే ఈ రెండూ మార్చుకోవచ్చు.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా కర్ణాటక పద్ధతిలో, అంటే స-ప-స-ప శ్రుతి చేసుకుని కింద కూర్చుని వాయించేవారి కోసం. తీగల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా పాశ్చాత్య సంగీతం వాయించేవారివి. వాళ్ల తీగలు ఏ స్వరానికి తయారయ్యాయో ఆ స్వరంలోనే మోగుతాయి. మనం వాటిని దించుతాం, ఒక్కోసారి ఎక్కిస్తాం. అందుకే వాళ్లకు నచ్చిన తీగ మనకు వదులుగా, పేలవంగా ఉండొచ్చు.

ముందు రెండు విషయాలు తెలుసుకోండి: సైజు, శ్రుతి

సైజు సులభం. వయొలిన్ లోపల అంటించిన కాగితం మీద 4/4, 3/4, 1/2 అని ఉంటుంది. లేకపోతే వెనకవైపు వయొలిన్ డొల్ల భాగం పొడవు కొలవండి, మెడ కలిసే చోట ఉండే చిన్న బొడిపెను కలపకుండా. సుమారు 35.5 సెంటీమీటర్లు ఉంటే ఫుల్ సైజు, 33.5 దగ్గర ఉంటే ముప్పావు సైజు. తీగలు, కమాను రెండూ అదే సైజువి కొనాలి. ఫుల్ సైజు తీగను చిన్న వయొలిన్‌కు వేస్తే వదులుగా మోగుతుంది, బిరడా (తీగను చుట్టి బిగించే మేకు) మీద మందంగా చుట్టుకుని ఇబ్బంది పెడుతుంది.

శ్రుతి సంగతి మీ గురువుగారిని అడగండి. "మనం ఏ శ్రుతిలో వాయిస్తున్నామండీ?" అంటే చాలు. 5 అనో, 5న్నర అనో, 3 అనో చెబుతారు. ఆడపిల్లల గాత్రంతో కలిపి నేర్పేచోట 5, 5న్నర ఎక్కువ. పాశ్చాత్య స్వరాల్లో 1 అంటే సి, 2 అంటే డి, 3 అంటే ఇ, 5 అంటే జి, 6 అంటే ఎ. తంబూరా యాప్‌లో, శ్రుతిపెట్టెలో కూడా ఇవే గుర్తులు ఉంటాయి.

మీ శ్రుతికి తీగ ఎంత దిగుతోంది?

షాపులో దొరికే తీగలు జి, డి, ఎ, ఇ స్వరాలకు తయారవుతాయి. మన లెక్కలో అవి వరుసగా 4, 3, 2, 1 తీగలు: మంద్ర షడ్జం, మంద్ర పంచమం, ఆధార షడ్జం, పంచమం.

5 శ్రుతిలో నాలుగో తీగ, మూడో తీగ వాటి అసలు స్వరంలోనే ఉంటాయి. రెండో తీగ, ఒకటో తీగ మాత్రం రెండేసి స్వరస్థానాలు (ఒక్కో స్థానం అర స్వరం) దిగుతాయి. ఏ మామూలు సెట్ అయినా ఇది తట్టుకుంటుంది. 5న్నర కూడా సుఖమే. కింది రెండు తీగలు (4, 3) ఒక స్థానం ఎక్కుతాయి, పై రెండు (2, 1) ఒక స్థానం దిగుతాయి. 6 శ్రుతిలో పై రెండు తీగలు అసలు స్వరంలో ఉండి, మందపు తీగలు రెండూ రెండేసి స్థానాలు ఎక్కుతాయి. బ్రిడ్జి (తీగలను మోసే చిన్న చెక్క) మీద బరువు పెరుగుతుంది కాబట్టి ఈ శ్రుతికి లావు రకం తీగలు కొనకండి.

చిక్కు వచ్చేది 3, 2 శ్రుతులతో. 3 శ్రుతిలో కింది రెండు తీగలు మూడు స్థానాలు, పై రెండు ఐదు స్థానాలు దిగాలి. తీగ పొడవు, మందం మారకుండా స్వరం మాత్రం దించితే బిగువు చాలా వేగంగా పడిపోతుంది. రెండు స్థానాలు దించితే సుమారు 20 శాతం, మూడు దించితే 30 శాతం, ఐదు దించితే దాదాపు 45 శాతం బిగువు పోతుంది. 2 శ్రుతిలో పై తీగలు ఏడు స్థానాలు దిగుతాయి, అప్పుడు సగానికి పైగా పోయినట్టే. అలాంటి తీగ మీద కమాను కాస్త గట్టిగా ఆనిస్తే స్వరం వంకర పోతుంది, గమకం పట్టుగా నిలవదు. పిల్లలు తమకే చేతకావడం లేదని బెంగపడతారు. చాలాసార్లు లోపం తీగ బిగువులోనే ఉంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, మందం ఎక్కువున్న రకం కొనడం. ఒకే పేరుతో వచ్చే తీగల్లోనూ సన్న, మధ్య, లావు రకాలు ఉంటాయి. జర్మన్, ఆస్ట్రియన్ కంపెనీల కవర్ల మీద వీటిని వైష్, మిట్టెల్, స్టార్క్ అని రాస్తారు. 4 లోపు శ్రుతికి స్టార్క్ అడగండి. రెండోది, తీగల స్థానాలే మార్చడం. 2 శ్రుతిలో రెండో స్థానంలో ఎ తీగ బదులు డి తీగ, ఒకటో స్థానంలో ఎ తీగ వేస్తే రెండూ తమ అసలు స్వరంలోనే మోగుతాయి, వదులనే మాటే ఉండదు. 3 శ్రుతిలో అవే తీగలు రెండేసి స్థానాలు ఎక్కాలి, బిగువు పాతిక శాతం దాకా పెరుగుతుంది. ఈ మార్పు గురువుగారికి చూపించి, ఆయన సరేనన్నాకే చేయండి. ఒకటో తీగ కోసం కోసిన సన్నటి గాడిలో మందపు తీగ సరిగ్గా కూర్చోదు, గాడిని కొంచెం వెడల్పు చేయాల్సి రావచ్చు.

ఏ రకం తీగ?

లోపలి నరాన్ని బట్టి తీగలు మూడు రకాలు: స్టీలు, సింథటిక్, పేగు. పేగు తీగలు ఖరీదు ఎక్కువ, మన ఉక్కపోతకు శ్రుతి నిలవదు. నేర్చుకునేవారు వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

మొదటి ఒకటి రెండేళ్లకు స్టీలు తీగలే మంచివని నా గట్టి అభిప్రాయం. వేసిన కాసేపటికే సర్దుకుని శ్రుతి నిలుపుతాయి, చాలాకాలం మన్నుతాయి, ధర తక్కువ. కొత్తవారికి శ్రుతి నిలవడం తీగ నాదం కంటే ముఖ్యం. ప్రతి పది నిమిషాలకు పంచమం దిగిపోతుంటే చెవికి సరైన స్వరం ఎలా అలవాటవుతుంది?

డాడారియో వారి ప్రెల్యూడ్ ఈ తరగతిలో బాగా వాడుకలో ఉన్న స్టీలు సెట్. మన దగ్గర సుమారు రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది, ధర షాపును బట్టి మారుతుంది. పిరాస్ట్రో వారి పిరానిటో, క్రోంకోర్ కూడా స్టీలువే. అదే డాడారియోలో హెలికోర్ ఒక మెట్టు పైది. దానిలో ఒకే కడ్డీ బదులు సన్నటి స్టీలు పోగులు పేని ఉంటాయి, నాదం కాస్త మెత్తగా ఉంటుంది.

థొమాస్టిక్ వారి డామినెంట్ పేరు మీరు తప్పకుండా వింటారు. 1970లో వచ్చిన సింథటిక్ తీగ అది. నాదం గుండ్రంగా, నిండుగా ఉంటుంది, కచేరీ చేసేవారు చాలామంది వాడతారు. కానీ ప్రెల్యూడ్‌కు మూడింతలకు పైగా ధర, సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. పైగా మన గమకాలతో వేలు తీగ మీద పైకీ కిందికీ జారుతూనే ఉంటుంది కదా, చెమట చేతులవారికి తీగ మీది సన్నటి అల్యూమినియం చుట్టు త్వరగా అరిగి లేచిపోతుంది. వర్ణాలు దాటి కృతుల దాకా వచ్చాక కొనండి, అప్పుడు దాని విలువ మీ చెవికే తెలుస్తుంది.

పేరు లేకుండా వందా రెండు వందలకు దొరికే సెట్లు మాత్రం వద్దు. వాటిలో మందం తీగ పొడవునా ఒకేలా ఉండదు. ఖాళీ తీగ శ్రుతిలో ఉన్నా, వేలు వేసేసరికి స్వరం అసలు చోట పలకదు. సరైన చోటే వేలు పెట్టిన విద్యార్థి అపస్వరం విని వేలు జరుపుకుంటాడు, అదే అలవాటవుతుంది. చౌక తీగ వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

కొనేటప్పుడు

ఒకటో తీగ చివర ఎలా ఉండాలో ముందే చూసుకోండి. టెయిల్‌పీస్ (తీగల కింది చివరలు తగిలించే చెక్క) మీద ఫైన్ ట్యూనర్ అనే చిన్న స్క్రూ ఉంటుంది, దాని కొక్కెం ఒకే పోగుగా ఉంటే ఉచ్చు ఉన్న తీగ కావాలి. రెండుగా చీలి ఉంటే చిన్న గుండు ఉన్న తీగ కావాలి. ఫోన్‌లో ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి, లేదా ఆన్‌లైన్‌లో ఆ ఫొటోతో పోల్చుకోండి.

సెట్టుతో పాటు ఒకటో తీగ ఒకటి విడిగా తీసుకోండి. సన్నటి ఉత్త స్టీలు కాబట్టి తెగేదీ, తుప్పు పట్టేదీ అదే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకా త్వరగా. అది విడిగా కొనడానికి చౌకే.

పేరున్న తీగలకు నకిలీలు కూడా వస్తాయి. ధర మరీ తక్కువగా ఉంటే ఆగండి. తీగ చివర్లకు చుట్టిన పట్టుదారం రంగులు కంపెనీ వెబ్‌సైట్‌లోని రంగుల పట్టికతో సరిపోవాలి. విజయనగరం మహారాజా సంగీత కళాశాల, హైదరాబాద్ త్యాగరాజ సంగీత కళాశాల లాంటి చోట్ల చదివే సీనియర్లు మీకు తెలిసి ఉంటే, ఎక్కడ కొంటున్నారో వాళ్లను అడగండి. ఆ సమాచారం ఏ రివ్యూ కంటే నయం.

తీగ మార్చడం

నాలుగూ ఒకేసారి విప్పకండి. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. బ్రిడ్జి నిలబడేది తీగల ఒత్తిడితోనే. లోపల సౌండ్‌పోస్ట్ అనే చిన్న కర్ర కూడా ఆ ఒత్తిడితోనే నిలుస్తుంది. అది పడిపోతే ఇంట్లో నిలబెట్టడం కష్టం, రిపేరుకు తీసుకెళ్లాల్సిందే. అందుకే ఒక తీగ తీసి, దాని స్థానంలో కొత్తది వేసి, కొంచెం బిగించాకే రెండోది ముట్టుకోండి.

పాత తీగ తీయగానే బ్రిడ్జి మీది గాడిలో, పైన బిరడాల దగ్గరి గాడిలో పెన్సిల్‌తో రెండుసార్లు గీయండి. ఆ నల్లటి పొడి వల్ల తీగ పట్టేయకుండా జారుతుంది. బిరడాకు చుట్టేటప్పుడు చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, పక్కపక్కనే బిరడాలుండే గూటి గోడ వైపుకు వెళ్లాలి. బిరడాను తిప్పుతూ లోపలికి కొద్దిగా నొక్కండి, అప్పుడే నిలుస్తుంది. నాలుగూ అయ్యాక పక్కనుంచి బ్రిడ్జిని చూడండి. బిగిస్తున్నకొద్దీ అది మెడ వైపుకు వాలుతుంది. టెయిల్‌పీస్ వైపు ముఖం నిట్టనిలువుగా ఉండేలా రెండు చేతులతో నెమ్మదిగా సరిచేయండి. వాలిన బ్రిడ్జిని అలాగే వదిలేస్తే వంగిపోతుంది.

ఇక కమాను

కమాను విషయంలో పాశ్చాత్య, మన అవసరాలు బాగా వేరు. వాళ్లు కమానును తీగ మీద ఎగరేసి, గెంతించి వాయించే పద్ధతులు చాలా ఉన్నాయి. కర్ర ఎలా ఎగురుతుందన్నదాని మీదే ఖరీదైన కమానుల ధర సగం ఆధారపడి ఉంటుంది. మన వాయింపులో కమాను తీగను దాదాపు వదలదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి రికార్డింగులు వినండి, పొడుగాటి కమానులో నాదం ఎక్కడా సన్నబడకుండా ఎంత నిండుగా వస్తుందో తెలుస్తుంది. కొత్తవారు కమానులో చూడాల్సింది అదే: కర్ర తిన్నగా ఉందా, వెంట్రుకలు మంచివేనా, ఒక చివర నుంచి ఇంకో చివరకు స్థిరంగా వెళ్తోందా.

కర్ర రకాలు చెబుతాను. పేరు చెప్పని మామూలు చెక్క అన్నిటికంటే చౌక. సెట్టులో వచ్చేది సాధారణంగా అదే. దాని పైన బ్రెజిల్‌వుడ్. మంచి ముక్క దొరికితే చాలా ఏళ్లు వస్తుంది. కానీ చెక్క కాబట్టి ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, చూసి కొనాలి. పెర్నాంబుకో అనే బ్రెజిల్ చెక్క నిపుణులది. ఆ చెట్టు అరుదైపోయి 2007 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో ఆంక్షలున్నాయి, కాబట్టి చౌకగా "పెర్నాంబుకో" అని అమ్మితే నమ్మకండి. చివరిది కార్బన్ ఫైబర్. తేమకు, ఎండకు వంగదు. ఆన్‌లైన్‌లో చూడకుండా కొనేవారికి, పిల్లలకు నేను చెప్పేది ఇదే. అయితే బాగా చౌక వాటిలో ఫైబర్‌గ్లాస్ కర్ర మీద కార్బన్ గళ్లు కనిపించేలా పైపూత మాత్రమే ఉంటుంది. అదీ పనికొస్తుంది, కార్బన్ ధర మాత్రం ఇవ్వకండి.

షాపులో చూసే పద్ధతి ఇది. కమాను వెంట్రుకలను వాయించేంత బిగించండి. మధ్యలో కర్రకూ వెంట్రుకలకూ మధ్య ఒక పెన్సిల్ పట్టేంత ఖాళీ ఉండాలి. పట్టుకునే వైపు నుంచి, ఒక కన్ను మూసి, కర్ర వెంబడి చివరి దాకా చూడండి. కుడికో ఎడమకో వంగి ఉంటే పక్కన పెట్టేయండి, ధర ఎంత తగ్గించినా సరే. కర్ర మాత్రం వెంట్రుకల వైపుకు లోపలికి వంగి ఉండాలి. బిగించగానే పూర్తిగా తిన్నగా అయిపోతే, లేదా బయటికి వంగితే ఆ కర్రలో సత్తువ పోయినట్టే.

తరువాత స్క్రూ. మొదటి నుంచి చివరి దాకా తేలిగ్గా తిరగాలి. వదులు చేసినప్పుడు వెంట్రుకలు నిజంగా వదులవ్వాలి. వెంట్రుకలు రిబ్బనులా చదునుగా, సమానంగా పరుచుకుని ఉండాలి. ఒకవైపు పలచబడితే కమాను ఆ వైపుకు లాగుతుంది. అవి గుర్రపు తోక వెంట్రుకలే అయి ఉండాలి. ప్లాస్టిక్‌లా మెరిసే నైలాన్ వాటికి రోజిన్ సరిగ్గా పట్టదు. ఫుల్ సైజు కమాను బరువు 60 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంట్లో వంటింటి త్రాసు ఉంటే ఆన్‌లైన్‌లో వచ్చినదాన్ని తూచండి. 70 దాటితే చిన్న చేతికి త్వరగా నొప్పి పుడుతుంది, వాపసు పంపండి.

చివరగా, వీలైతే మీ వయొలిన్ మీదే వాయించి చూడండి. ఆధార షడ్జం తీగ మీద ఎనిమిది అక్షరాల కాలం ఒకే కమాను లాగండి, మళ్లీ ఎనిమిది వెనక్కి. మధ్యలో వణికితే, పక్క తీగ మీదికి జారితే ఇంకోటి తీసుకోండి. ఒకే ధరలో మూడు నాలుగు కమానులు అడిగి పోల్చుకోవడానికి మొహమాటపడకండి. తేడా కొత్తవారికి కూడా తెలుస్తుంది.

రోజిన్, రోజువారీ జాగ్రత్తలు

కొత్త కమానుకు రోజిన్ లేకపోతే శబ్దమే రాదు. పాడైందని తిరిగి ఇచ్చేయకండి. రోజిన్ బిళ్ల మీద గరుకు కాగితంతో కొద్దిగా గీసి, కమానును ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా చాలాసార్లు రుద్దండి. తరువాత రోజూ నాలుగైదుసార్లు చాలు. మన వేడికి ముదురు రంగు రోజిన్ మెత్తబడి జిగటగా అవుతుంది, లేత రంగుది గట్టిగా ఉండి బాగా పనికొస్తుంది.

వాయించడం అయిపోగానే కమాను వదులు చేయాలి, పొడి గుడ్డతో తీగల మీది తెల్లటి పొడి తుడవాలి. వర్షాకాలంలో తేమకు వెంట్రుకలు సాగుతాయి, మే నెల ఎండలకు బిగుసుకుంటాయి. బిగించి పెట్టెలో వదిలేసిన కమాను వేసవిలో వంగిపోతుంది. వేళ్లు జారడానికి కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే ఒక చుక్కే రాయండి, అది కమాను ఆనే చోటుకు చేరకూడదు. నూనె అంటిన వెంట్రుకలు రోజిన్ పట్టవు. అందుకే వెంట్రుకలను వేళ్లతో తాకవద్దని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

అమెరికాలో, ఇంకా బయటి దేశాల్లో ఉన్న మన పిల్లలు బడిలో ఆర్కెస్ట్రా, వారాంతంలో కర్ణాటక క్లాసు ఒకే వయొలిన్ మీద వాయిస్తుంటారు. వారానికి రెండుసార్లు తీగలను దించి ఎక్కిస్తే ఏ తీగా ఎక్కువ కాలం ఉండదు. అలాంటివారికి స్టీలే మేలు, అది త్వరగా సర్దుకుంటుంది. వీలుంటే బడికి అద్దె వయొలిన్ ఒకటి విడిగా పెట్టుకోవడం ఇంకా సుఖం.

డబ్బు ఒకేసారి లేకపోతే

సెట్టులో వచ్చిన కమాను తిన్నగా ఉండి వెంట్రుకలు నిజమైనవైతే ముందు తీగలు మార్చండి. కమాను వంకరగా ఉంటే ముందు కమానే. తీగ ఎంత మంచిదైనా వంకర కమానుతో చేయి తప్పుగా అలవాటవుతుంది, దాన్ని తరువాత సరిదిద్దుకోవడం చాలా కష్టం. చౌక కమానుకు కొత్త వెంట్రుకలు వేయించాలంటే ఆ ఖర్చు, కొరియర్ కలిపి కొత్త కమాను ధరకు దగ్గరవుతుంది. ముందే అడిగి తెలుసుకుని, ఏది లాభమైతే అది చేయండి. పాత కమానును పారేయకండి, కొత్తదాని స్క్రూ ఎప్పుడైనా పట్టేస్తే ఆ రోజు క్లాసుకు అదే పనికొస్తుంది. రోజూ గంట సాధన చేసేవారికి తీగలు ఏడాదికొకసారి మార్చితే చాలు. మధ్యలో తుప్పు మచ్చలు కనిపించినా, చుట్టు లేచి వేలికి గుచ్చుకున్నా, ఖాళీ తీగ పలికి వేలు వేసినచోట అపస్వరం వస్తున్నా ఏడాది దాకా ఆగకండి.